తూకం బాబాయ్ మోసిన బరువు

తూకం బాబాయ్‌కి లోకంలో ఒక్కదానితోనే పగ: అక్కర్లేని బరువు. ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాళ్లలో ఆయనే పెద్ద. కోటుకున్న పై రెండు గుండీలు కత్తిరించేశాడు. "ఎప్పుడూ పెట్టుకోని గుండీని మోయడం దేనికి?" అనేవాడు. ఆయన రాసిన ఒక ప్రోగ్రాము ఎంత తేలికంటే, ఫ్యాను వేస్తే ఎగిరిపోయింది. నమ్మనివాళ్లు ఆ ఫ్యాన్నే అడగొచ్చు.

అలాంటి మనిషి ముందు మేనేజరమ్మ, ప్రోగ్రాముల్ని తన మీద నడిపించే ఓ రన్‌టైమ్ గొప్పలు మొదలుపెట్టింది.

"దీంతో ఒక్కసారి రాస్తే చాలు బాబాయ్, మూడు రకాల కంప్యూటర్లలోనూ నడుస్తుంది."

"ఎందుకు నడవదూ! కడుపులో ఏకంగా ఓ బ్రౌజర్నే పెట్టుకుని వస్తుందాయె. గుక్కెడు నీళ్లడిగితే బావిని భుజానేసుకొచ్చే రకం!"

"పోనీ, మూడుసార్లు విడివిడిగా రాస్తావా?"

"రాస్తా. నాకేం, చేతుల్లేవా?"

"చేతులున్నాయి, టైమేదీ? సరే, ఆఫీసులో ఉన్న రకానికే రాద్దాం. మిగతా రెండూ వదిలేద్దాం."

టేబులు మీది ఫోన్లోంచి చిన్న దగ్గు వినిపించింది. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టరమ్మది. చంకకొకరు చొప్పున కవలపిల్లల్ని ఎత్తుకుని ఇంటి నుంచే పని చేసే మనిషి. ఆమె పాత కంప్యూటరు ఆ వదిలేసే రకమే.

"అంటే... నాకింక పని లేనట్టేనాండీ?"

బాబాయ్ ఒక్క క్షణం గడ్డం గోక్కున్నాడు.

"ఆ లావుపాటి రన్‌టైమ్‌నే కానివ్వు, అమ్మాయ్" అన్నాడు మేనేజరమ్మతో. గోడ గడియారం నివ్వెరపోయి రెండు నిమిషాలు వెనకబడింది.

ప్రోగ్రాము తయారైంది. ఆఫీసులో చకచకా నడిచింది. టెస్టరమ్మ ఇంట్లో మాత్రం, అది తెరుచుకునేలోపు పిల్లలిద్దరికీ స్నానాలు అయిపోయేవి.

"నీ కంప్యూటరు పెట్టె ఓసారి తీసుకురా తల్లీ, దుమ్ము దులిపిపెడతా" అన్నాడు బాబాయ్. దులిపాడు. మర్నాటి నుంచి అది గుర్రమైపోయింది.

చిత్రంగా, అదే రోజు నుంచి బాబాయ్ కంప్యూటరు మూలగడం మొదలుపెట్టింది. ఒక్క అక్షరం కొట్టి, అది తెర మీదికొచ్చేలోపు ఆయన కాఫీ తాగి, కప్పు కడుక్కుని వచ్చేవాడు.

"చూశారా! బరువు! నేను చెబితే విన్నారా?" అంటూ మూడు వారాలు ఆ రన్‌టైమ్ మీద దుమ్మెత్తిపోశాడు.

ఆ గోల పడలేక మేనేజరమ్మే ఆయన పెట్టె మూత విప్పింది. లోపల ఉండాల్సిన, కంప్యూటరుకి వేగాన్నిచ్చే నాలుగు మెమరీ ముక్కల్లో మిగిలింది ఒక్కటే.

"మిగతా మూడూ ఏవి బాబాయ్?"

"అక్కర్లేదని తీసేశా. ఊరికే బరువు."

"టెస్టరమ్మ కంప్యూటర్లోకి ఎలా వెళ్లాయో మరి?"

బాబాయ్ కంగారుగా కోటు పై గుండీ పెట్టుకోబోయాడు. గుండీ ఉంటే కదా!

"దుమ్ము దులుపుతుంటే," అన్నాడు చివరికి, "అటు ఎగిరి పడుంటాయి. తేలికవి కదూ!"