సోమయ్య దిగని డ్యూటీ

మా ఆయన సోమయ్య పోయి ఏడాది దాటింది. ఆయన నిద్రపోయే మనిషే. కానీ మధ్యలో కొన్ని నెలలు ఆ నిద్ర పూర్తిగా పోయింది. ఇప్పుడు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ రోజులే.

ఆయన పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ నడిపేవాడు. తొంభై నాలుగు ఎండాకాలంలో ఆ బాయిలర్ పేలింది. ఈయన డ్యూటీ దిగి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మా ఇంటి పైకప్పు రేకులు అదిరాయి. ఈయన తర్వాత డ్యూటీ ఎక్కిన బాలప్ప అక్కడికక్కడే పోయాడు. బాలప్పది కర్దనూర్. అన్నా అన్నా అంటూ ఈయన వెంటే తిరిగేవాడు.

ఆనాటి నుంచి ఈయన కన్ను మూయలేదు. పడుకున్నా చెవి వంటింటి వైపే ఉండేది. ఆర్పిన స్టవ్‌ను లేచి వెళ్ళి మళ్ళీ ఆర్పేవాడు. చలికాలం వచ్చేసరికి మనిషి సగమయ్యాడు. ఒకరోజు బొంబాయి రోడ్డు దాటుతూ నడిమధ్యలో నిలబడిపోయాడు. లారీ డ్రైవర్ బండి ఆపి, తిట్టి, రెక్క పట్టుకుని తెచ్చి మా గుమ్మంలో వదిలాడు. "మందులు ఇంతకంటే పెంచలేనమ్మా. ఇలాగే ఉంటే మనిషి దక్కడు" అన్నాడు డాక్టరు. వెలిమెల అవతల ధ్యాన కేంద్రం ఉందని చెప్పింది కూడా ఆయనే. నేను బడికి సెలవు పెట్టి ఈయనను తీసుకెళ్ళాను.

అది పది రోజుల మౌన శిబిరం. మాట్లాడకూడదు, సైగ చేయకూడదు, ఒకరి ముఖం ఒకరు చూడకూడదు. రేకుల హాల్లో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క, నడుమ తాడు. నడిపేది సూర్యప్రకాశరావు గారు. రిటైరైన లెక్చరర్, మెత్తని మనిషి. నియమం దగ్గర మాత్రం మెత్తదనం ఉండేది కాదు.

మొదటి రోజే నేను నియమం తప్పి ఒక కన్ను తెరిచి చూశాను. అందరూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. వాళ్ళకు కాపలా పెట్టినట్టు ఈయన ఒక్కడే కళ్ళు తెరిచి వెనక గోడను చూస్తున్నాడు. ఆ గోడ అవతల స్నానాలకు నీళ్ళు కాచే పెద్ద రాగి బాయిలర్ ఉంది. కట్టెలు ఎగదోసినప్పుడల్లా దాని గొట్టం బుస్సుమనేది. ఆ చప్పుడుకు ఈయన మెడ నరాలు బిగుసుకోవడం తాడు ఇవతలి నుంచి కూడా కనిపించేది.

రెండో రోజు మధ్యాహ్నం ఆ బుస ఆగకుండా సాగింది. ఈయన ఒక్క ఉదుటున లేచాడు.

"లేవుండ్రి! అందరు బయటికి నడువుండ్రి, జల్దీ!"

జనం ఒకరి మీద ఒకరు పడుతూ పరుగెత్తారు. ఒక పెద్దాయన మెట్ల మీద పడ్డాడు, మోకాలు పగిలింది. వాకిట్లో వంటమనిషి ముత్యమ్మ కట్టె చేతపట్టుకుని నిలబడి చూసింది.

"ఏందయ్యా గీ లొల్లి? నీళ్ళు మసులుతున్నయి, ఊరు మునుగుతలేదు. గింతమంది మౌనం ఒక్క కేకకే పాయె."

ఎవరూ నవ్వలేదు. ఈయన తల దించుకున్నాడు.

సూర్యప్రకాశరావు గారు మా ఇద్దరినీ తన గదికి పిలిచి, అక్కడ మాత్రం మాట్లాడొచ్చని అన్నారు.

"సోమయ్య గారూ, కళ్ళెందుకు మూసుకోరు?"

"నేను మూసుకుంటే ఎవలు సూడాలె సార్?"

"ఆ చూసేవాడెవరో తెలుసుకోవడానికేగా మీరు వచ్చింది."

"గది గాదు సార్. బాయిలర్ ఎవలు సూడాలె అంటున్న."

ఆ తర్వాత ఈయనే చెప్పడం మొదలుపెట్టాడు. నాకు కూడా ఎన్నడూ చెప్పని మాట అది.

బాయిలర్‌కు ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నీళ్ళెన్ని ఉన్నాయో అందులో కనిపిస్తుంది. కానీ అడుగున మడ్డి పడితే దారి మూసుకుపోయి పాత నీళ్ళే నిలబడి ఉంటాయి. లోపల ఎండిపోతున్నా పైకి నిండుగానే కనిపిస్తుంది. అందుకే డ్యూటీ మారేటప్పుడు వచ్చినవాడు కింది కుళాయి తిప్పి నీళ్ళు వదిలి, మళ్ళీ ఎక్కుతున్నాయో లేదో చూసి, డ్యూటీ అందుకున్నట్టు "పట్టిన" అనాలి. ఆ మాట వినేదాకా ఉన్నవాడు కదలకూడదు.

"గా రోజు బాలప్ప తలుపుకాడనే నిలవడ్డడు సార్. 'పో అన్నా, బస్సు పోతది, నేను సూసుకుంట' అన్నడు. కుళాయి తిప్పలె. పట్టిన అనలె. నేను బస్సెక్కిన. నా డ్యూటీ ఇంక దిగలేదు సార్."

"జరిగిందానికి బాధగా ఉంది. కానీ ఇంకొక్కసారి ఇలా అయితే మిగతావాళ్ళ సాధన పాడవుతుంది. రేపు పొద్దున పాల వ్యానులో పంపించక తప్పదు" అన్నారు సూర్యప్రకాశరావు గారు.

పంపిస్తే తీసుకెళ్ళేది ఎక్కడికి? ఆ ఇంటికి, ఆ స్టవ్ దగ్గరికి, ఆ రోడ్డు మీదికి.

సాయంత్రం గంట కొట్టారు. అందరూ హాల్లోకి వెళ్తుంటే నేను వెనక్కి నడిచాను. "ఏం గావాలె టీచరమ్మా, నీళ్ళా?" అంది ముత్యమ్మ. తల అడ్డంగా ఊపి బాయిలర్ అడుగు కుళాయి తిప్పాను. ముందు ఎర్రటి మడ్డి వచ్చింది, తర్వాత తేట నీళ్ళు దూకాయి. చెయ్యి చుర్రుమంది. మంట చూశాను. మూత కాస్త పక్కకు జరిపి నీళ్ళు ఎంతదాకా ఉన్నాయో చూశాను. తర్వాత హాల్లోకి వెళ్ళి తాడు దాటి, మగవాళ్ళ వరుసల మధ్య నుంచి ఆయన చాప దాకా నడిచాను.

"పట్టిన" అన్నాను.

ఆయన నమ్మలేదు. "కుళాయి తిప్పినవా?"

"తిప్పిన. మడ్డి పోయినంక తేటగొచ్చినయి."

"నీళ్ళెంత?"

"సగానికి పైన."

ఆయన నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. వేళ్ళు ఎర్రగా కందాయి. చుట్టూ ఒక్కొక్కరే కళ్ళు తెరుస్తున్నారు. వేదిక మీద సూర్యప్రకాశరావు గారు అప్పటికే తెరిచారు. గోడ అవతల బుస్సుమంది. ఆయన ఉలిక్కిపడి నా ముఖం చూశాడు. నేను కదల్లేదు.

ఆయన చాప మీది నుంచి లేచాడు. ఆ చోట నేను కూర్చుని గోడను చూడసాగాను. ఆయన స్తంభానికి వీపు ఆనించి కూలబడి కళ్ళు మూశాడు. కాసేపటికి గురక మొదలైంది. సన్నగా కాదు, హాలంతా వినపడేటట్టు.

ధ్యానం ముగిశాక సూర్యప్రకాశరావు గారు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నారు. "ఇది ధ్యానం కాదమ్మా. తాడు దాటారు, మౌనం తప్పారు. మీరు వెళ్ళాల్సిందే." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "ఆయనంతట ఆయన లేచాకే వెళ్ళండి."

తెల్లారి పాల వ్యాను వచ్చి వెళ్ళిపోయింది. పొద్దెక్కేదాకా ఆయన లేవలేదు. తర్వాత రోడ్డు దాకా నడిచి ఆటో ఎక్కాం. పటాన్‌చెరు అని నేను చెప్పబోతుంటే, "కర్దనూర్ పోనీయి" అన్నాడు ఆయన.

బాలప్ప భార్య మొగులమ్మ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. ఈయన కూర్చోలేదు. నిలబడే, సార్‌కు చెప్పిందంతా చెప్పాడు. ఆమె చేతులు ఆగిపోయాయి. కొడుతుందేమో అనుకున్నాను, ఏడుస్తుందేమో అనుకున్నాను.

"నువ్వు తిప్పుమంటే మాత్రం ఆయన తిప్పుతుండెనా?" అంది చివరికి. "ఎన్నడన్న ఎవల మాట నిలవడి విన్నడా? అన్నం తిని పోరాదయ్యా అంటే చెప్పులేసుకుంటనే తిన్న తిన్న అంటుండె."

ఈయన ఏదో అనబోయాడు. ఆమె అననివ్వలేదు.

"బస్సెక్కినవని నాకు కోపం లేదన్నా. గిన్ని నెలలు గీ దిక్కు రాకపోతివి, గందుకు కోపం." మిరపకాయలు మళ్ళీ పరుస్తూ అంది, "దినాలకు గూడ రాకపోతివి. పిల్లలు అడిగిండ్రు, పెదనాయన ఏడున్నడని."

ఈయన ఆమె పక్కన కింద కూర్చున్నాడు. చెయ్యి చాచి తన ముందున్న మిరపకాయలను పలచగా పరవసాగాడు. బడి నుంచి పిల్లలు వచ్చేదాకా అక్కడే ఉన్నాడు.