హల్వా డబ్బా గట్టెక్కింది

మా పాప నన్ను అడిగింది ఒకటే, ఒమాన్ హల్వా. పోయిన లీవుకు మాత్రం కడపకు ఒట్టి చేతులతో వెళ్లాను. కొనక కాదు. కొన్న ప్రతి డబ్బా నేనే తినేశాను మరి.

ఒమాన్‌లో ఇబ్రి అనే ఊళ్లో నేను వంట చేసే ఇంటినుంచి ఫోన్ చేస్తే, పాప మొదట బాగానే నవ్వేది, చివర్లో ఎప్పుడొస్తావని అడిగేది. ఫోన్ పెట్టగానే నా చెయ్యి అలమరలోకి పోయేది. ఆకలా అంటే, అప్పుడే భోంచేసి ఉండేదాన్ని. నా దిగులుకు కూడా నోరుందని, దానికి నెయ్యి, కుంకుమపువ్వు వేసిన హల్వా అంటే పిచ్చి ఇష్టమని అప్పుడే తెలిసింది.

ఈసారి లీవుకు కొన్న డబ్బా చుట్టూ కూడా తిరుగుతుంటే ఇంటి పెద్దామె చూసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తన పళ్లెంలోంచి ఒక్క ముక్క ఇచ్చి, అది కరిగేదాకా మాట్లాడొద్దంది. తర్వాత తాను కహ్వా, అంటే అరబ్బుల కాఫీ, తాగిన చిన్న కప్పును ఊపి చూపించింది. ఇక్కడ కప్పు ఊపితే ఇక చాలని అర్థం, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. కొత్తలో అది తెలియక, చుట్టాలు కప్పు ఊపేకొద్దీ ఇంకా కావాలేమోనని పోసి పోసి వాళ్ల ప్రాణం తీశాను. అది గుర్తొచ్చి ఇద్దరం పడీ పడీ నవ్వాం. మనసుకు కూడా కప్పు ఊపడం నేర్పమని తన అరబ్బీ హిందీలో చెప్పిందామె.

ఇక ఫోన్ పెట్టగానే ఖాళీ కప్పు పట్టుకుని వంటగదిలో నిలబడేదాన్ని. నిదానంగా ఊపిరి పీల్చి, కడుపు మీద చెయ్యేసి, అడిగేది ఆకలా దిగులా అని చూసుకునేదాన్ని. దిగులైతే కప్పు ఊపేదాన్ని. కొన్నిసార్లు ఏడ్చాను కూడా. ఏడుపయ్యాక చూస్తే హల్వా సంగతే గుర్తుండేది కాదు, భలే విచిత్రం. ఒకసారి మూత తీసి, వాసన చూసి, దండం పెట్టి మూసేశాను.

ఈసారి లీవులో ఆ నిండు డబ్బాను పాప ముందు పెట్టినప్పుడు నా గొప్ప చూడాలి. పాప కళ్లు మూసుకుని తిని, నాకూ ఒక చెంచా తినిపించింది. రెండోది అందించబోతే, లేని కప్పును పట్టుకున్నట్టు నా చెయ్యి దానంతటదే ఊగింది.

"చెయ్యి వణుకుతాందేమ్మా?" అంది పాప బెదిరిపోయి.

"వణుకు కాదు పాపా. నిండిందని చెప్తాండా," అన్నాను.