తల్లి పాత్రకు కొత్త గొంతు

మాస్టారు ఏ బడిలోనూ పాఠం చెప్పిన మనిషి కాదు. రేడియోకి నాటకాలు రాసేవాడు. స్టేషన్లో వాచ్‌మన్ దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరూ మాస్టారూ అని పిలవడంతో అదే పేరు ఖాయమైపోయింది. ఆయనకో మొండి పద్ధతి ఉండేది. నటించేవాళ్ల గొంతు చెవిలో పలికితేగానీ కలం కదిలేది కాదు. గొంతు తెలియని మనిషికి ఒక్క ముక్క కూడా రాయనని భీష్మించుకునేవాడు.

ఆయన సీరియల్లో తల్లి పాత్ర మొదట్నుంచీ వాళ్ల అక్కది. ఒకే కడుపున పుట్టిన అక్క. ఆవిడ ఒక్క మాట అంటే చాలు, వెనక పది మాటలు ఈయన కలంలోకి వాటంతటవే వచ్చేసేవి. ఆ అక్క ఊపిరితిత్తుల జబ్బు చేసి పోయింది. ఆవిడ స్థానంలోకి పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చునే అమ్మాయిని తీసుకున్నారు. మాస్టారికి ఇక రాత రాలేదు. పాత కాగితాలు తిరగేసి, అటూ ఇటూ మార్చి నెట్టుకొచ్చాడు. వినేవాళ్లు మాత్రం వెర్రివాళ్లా? ఒక్కొక్కరే రేడియో కట్టేయసాగారు.

ఆ మధ్యాహ్నం డైరెక్టరు మొహమాటం వదిలేశాడు. "ఇవాళ కూడా ఆ పాచి మాటలే అయితే, రేపట్నుంచి మీ టైములో పాటలు వేసుకుంటాం మాస్టారూ. పైవాళ్లు తేల్చి చెప్పేశారు. నన్నేం చేయమంటారు?"

వాళ్ల నాటకం రికార్డు చేసి వేసేది కాదు, అప్పటికప్పుడు నేరుగా వెళ్లిపోయేది. స్టూడియో తలుపు మీద ఎర్రలైటు వెలిగింది. లోపల మొదటి పేజీలు చదివేస్తున్నారు. అద్దం ఇవతల డైరెక్టరు పక్కన కూర్చున్న మాస్టారి ముందు ఆఖరి సీను కాగితం ఇంకా తెల్లగానే ఉంది. దాని ముందు పేజీలో, డాక్టరు చదువు ఎప్పుడో మానేసి, ఇంట్లో చదువుతున్నట్టే నటించిన కొడుకు తల్లి ముందు నిజం ఒప్పుకుంటాడు. తల్లి ఏమనాలి? "అయ్యో నా తండ్రీ" అని రాశాడు. కొట్టేశాడు. మళ్లీ అదే రాశాడు.

"మాస్టారూ, నా పేజీ?" అంది తన వంతు కోసం పక్కనే నిలబడ్డ ఆ అమ్మాయి.

"ఉండమ్మా. నీ గొంతుకు తగ్గట్టు రాయాలని చూస్తున్నా."

"ఎందుకండీ అబద్ధాలు?" అందామె. "మీరు నాకు రాయట్లేదు, అక్కగారికే రాస్తున్నారు. నాకు తెలుసు. మొదటిరోజే తెలుసు. మీ నోటితో మీరు చెప్తారేమోనని చూస్తున్నా."

మాస్టారికి ఒళ్లు మండింది. నాలుగు దులిపేద్దామని నోరు తెరిచి, ఆగిపోయాడు. ఆ అమ్మాయి అరవలేదు, ఏడవలేదు. గొంతు తగ్గించింది. తగ్గించిన కొద్దీ అది ఇంకా లోతుగా తగిలింది. ఇన్నాళ్లూ ఎదురుగా ఉన్న మనిషిని ఆయన విననే లేదు.

తలొంచుకుని గబగబా రాశాడు. సిరా ఆరకముందే ఆమె కాగితం లాక్కుని లోపలికి పరిగెత్తింది.

అద్దం అవతల కొడుకు నిజం ఒప్పుకున్నాడు. ఆమె కాగితం చూసింది. తలెత్తి మాస్టారి వైపు చూసింది. మాట రాలేదు. రేడియోలో ఆ కాసేపు నిశ్శబ్దం అంటే ప్రాణాలు పోయినంత పని. డైరెక్టరు చెయ్యి పాటల మీట మీదికి వెళ్లింది. మాస్టారు అమాంతం ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు తెలుసురా," అంది ఆమె, మెల్లగా. "మొదటిరోజే తెలుసు. నీ నోటితో నువ్వు చెప్తావేమోనని చూస్తున్నా."

ఆ పేజీ ముందుగా చూడని కొడుకు పాత్రధారి నిజంగానే తడబడ్డాడు. మాస్టారు చెయ్యి వదిలేసి మళ్లీ కలం పట్టాడు. రాసిన కాగితం రాసినట్టే మునివేళ్ల మీద లోపలికి తీసుకెళ్లి ఇచ్చి వస్తున్నాడు. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. అలా రాసి ఎన్నాళ్లయిందో.

ఎర్రలైటు ఆరింది. డైరెక్టరు ఊపిరి పీల్చుకుని, "బతికించారు మాస్టారూ, సీరియల్ ఆగదు," అన్నాడు. మాస్టారు బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. బయటికొచ్చిన ఆ అమ్మాయి హడలిపోయింది.

"ఏమైంది మాస్టారూ? బాగా రాలేదా?"

"బాగా వచ్చిందమ్మా," అన్నాడాయన. "మా అక్క పోయిందమ్మా." ఆ కబురు అప్పుడే అందినట్టు అన్నాడు.