కొండను ఏ వైపు నుంచి చుట్టాలి

మలయాకు మెర్దెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన మరుసటి ఏడు మా రబ్బరు ఎస్టేటు వెనక, తూర్పున ఉన్న కొండను జనానికి వదిలారు. కమ్యూనిస్టుల తిరుగుబాటు మీద పెట్టిన ఎమర్జెన్సీ మూడో ఏటి నుంచీ అది నల్ల ప్రాంతం. అటు వైపు మనిషి కనబడితే కాల్చేవారు. ఇక తెల్ల ప్రాంతమని ప్రకటించి, ముళ్ళకంచె గేటు దగ్గర సోదాలు ఎత్తేశారు. అయినా ఐదు నెలల పాటు ఎస్టేటు నుంచి ఒక్కరూ అటు అడుగు వెయ్యలేదు. భయం బోర్డు మార్చినంత తేలిగ్గా పోదు.

ఆ కొండెక్కుదామన్న బుద్ధి మా ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సరుకు పుట్టింది. తమిళుడు, నాకు స్నేహితుడు, నన్ను తమిళంలో పంతుల్ని పిలిచినట్టు వాద్యారే అనేవాడు. నేనప్పటికి ఎస్టేటు తెలుగు బడిలో కొత్త పంతుల్ని, ఇరవై ఏళ్ళవాణ్ణి, ఎవరు ఎగదోస్తే అటు ఎగిరేవాణ్ణి. రోజూ సాయంత్రం మా ఇంటి అరుగు మీద చేరి, జ్వరాల చార్టు వెనక పెన్సిలుతో అతను దారి గీసేవాడు. కొండ మీద పొడుగునా తెల్లరాతి గట్టు, రంపం పళ్ళలా. దక్షిణం కొసన నిట్టనిలువు బండ. ఉత్తరం కొసన వాలు, పాతరోజుల్లో పేము కోసేవాళ్ళ బాట. దక్షిణాన ఎక్కి, గట్టు మీదుగా నడిచి, ఉత్తరాన దిగి, కొండ కింద రబ్బరు తోట అంచునే నాలుగు గంటలకల్లా ఇల్లు చేరాలి. పైన నీళ్ళుండవు కనుక మనిషికి రెండు సీసాలు. జేబులో ఐడెంటిటీ కార్డు. బాలై నుంచి, అంటే పోలీసు ఠాణా నుంచి, ఒక అనుమతి ఉత్తరం.

"ఆలు నేదు సూలు నేదు, కొడుకు పేరు సోమలింగం," అని మా అత్త చేటలో బియ్యం ఏరుతూ నవ్వింది. "ముందు ఆ ఉత్తరం రానీండర్రా."

ఉత్తరం వచ్చింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

అత్త అంటే మా మేనమామ భార్య. అమ్మ పోయాక నన్ను పెంచింది వాళ్ళిద్దరే. ఎమర్జెన్సీ రెండో ఏట ఒక మధ్యాహ్నం మావ రబ్బరు పాలు తూకం వేయించి, పేము కోసుకొస్తానని కొండ వైపు వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. కొండ మీది కమ్యూనిస్టుల్లో కలిశాడని కొందరు, వాళ్ళే చంపారని కొందరు, పులి అని ఇంకొందరు. శవం దొరకలేదు, కర్మ జరగలేదు. ఎనిమిదేళ్ళుగా అత్త రోజూ బొట్టు పెట్టుకునేది. ఆమెను పేరంటానికి పిలవాలా వద్దా అని కూలీ లైన్లలో ఆడవాళ్ళు కొన్నాళ్ళు తర్జనభర్జన పడి, చివరికి పిలవడమే మానేశారు. ముత్తయిదువా కాదు, విధవా కాదు. ఏదో ఒకటి తేలితే చాలు ఆమెకు. అదే తేలలేదు.

మేం దారి గీస్తున్న ఆ రోజుల్లోనే ఒకటి గమనించాం. మూడు సాయంత్రాలు వరసగా, ఒకే వేళకు, గట్టు మీద ఒకే చోటు నుంచి పక్షులు గుంపుగా లేచాయి. కింద ఎవరో నడిస్తే లేచినట్టు. డ్రెస్సరు వాచీ చూసి, "ఆరుకు పది నిమిషాలు" అని చార్టు మీద రాసుకున్నాడు. అత్త కూడా అటే చూస్తోంది.

"ఏ కాడ్నుంచి ఎక్కుతారు?" అని అడిగింది.

"దక్షిణం కొస నుంచి అత్తా."

"అయితే తిరిగొచ్చినప్పుడు కొండ మీ ఎడం సేతేపు ఉంటాది."

నాకు వెంటనే తట్టింది. మావాళ్ళు దేవుడి చుట్టూ కుడిచెయ్యి లోపలికుండేలా తిరుగుతారు. ఎడమచెయ్యి లోపలికి పెట్టి తిరిగేది చితి చుట్టూ.

"మీ మావ ఉన్నాడో నేడో నానెరగను," అంది అత్త. "అది తేలీదాకా ఆ కొండకి ఎడం సుట్టు తిరగొద్దురా నాయనా. ఈ ఒక్కటీ ఇను."

డ్రెస్సరుకు ఒళ్ళు మండింది. "వాద్యారే, నిట్టనిలువు బండ ఎక్కగలం, దిగలేం. కాళ్ళకు కళ్ళుండవు!" అన్నాడు. మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. అయినా నేను మొండికేశాను. అతను తిట్టుకుంటూ బాణం గుర్తులన్నీ చెరిపి తిరగేసి గీశాడు. ఉత్తరాన ఎక్కడం, దక్షిణాన దిగడం.

వెళ్ళే రోజు తెల్లవారకముందే అత్త అన్నం వండింది. ఆ ఎనిమిదేళ్ళూ గేటు దాటి గుప్పెడు మెతుకులు పట్టుకెళ్తే జైలే. కొండ మీదివాళ్ళకు అందుతుందని. తోటలోకి పనికి వెళ్ళేవాళ్ళు కూడా కడుపు మాడ్చుకునే వెళ్ళేవారు. అలవాటు వదల్లేదు. అరటాకులో పొట్లం కట్టిన ప్రతిసారీ ఆమె తలెత్తి గేటు వైపు చూసింది. అన్నం, ఎండుచేప, పచ్చిమిరపకాయ. వెళ్ళేది ఇద్దరం, కట్టింది మూడు పొట్లాలు.

"మూడోది ఎవరికత్తా?"

"గట్టు మద్దిన సదును బండ ఉన్నాదంట కదా. దాని మీదెట్టి మీ దారిన మీరెల్లండి. ఎనక్కి సూడొద్దు."

పదకొండింటికి సదును బండ చేరాం. నేను జీవితంలో అంత నిశ్శబ్దం వినలేదు. కింద చెవులు చిల్లులు పొడిచే కీచురాళ్ళు అక్కడ ఒక్కటీ లేవు. గబగబా తిన్నాం. మూడో పొట్లం బండ మీద పెట్టి, అత్త చెప్పినట్టే వెనక్కి చూడకుండా నడిచాం. చూడకూడదని చెప్తే మెడ ఎంత లాగుతుందో ఆ రోజు తెలిసింది.

దక్షిణం కొసన ఒంటిగంటకు అంచు మీద నిలబడ్డాం. డ్రెస్సరు బోర్లా పడుకుని కాలు కిందికి దింపాడు. పట్టు దొరకలేదు, జారాడు. నేను చొక్కా పట్టుకుని లాగాను. అతని మోకాలు చీరుకుపోయింది. వచ్చిన దారినే తిరుగుముఖం పట్టాం. చుట్టు పూర్తి కాలేదు.

సదును బండ మీద పొట్లం ఖాళీ. ఆకు రెండుగా మడిచి ఉంది. గాలికి పోకుండా దాని మీద రాయి. పక్కన ఒక్క అన్నం ముద్ద, వేళ్ళ గుర్తులు ఇంకా దాని మీదే ఉన్నాయి.

కోతులు ఆకు మడవవు. ఆ ముద్ద ఏమిటో నాకు తెలుసు. మావాళ్ళు అడవిలో తింటే మొదటి ముద్ద తీసి కొండకు పెడతారు. డ్రెస్సరుకు ఆ ఆచారం లేదు, నేను మర్చిపోయాను. తిన్నది మావాడెవడో.

"మావా!" అని అరిచాను. నా గొంతే నాకు పరాయిగా వినిపించింది. జవాబు లేదు. డ్రెస్సరు నా నోరు మూశాడు. ఇద్దరం పక్కపక్కనే దిగాం. వెనక నడవడానికి ఇద్దరికీ ధైర్యం లేదు. కిందికొచ్చాక, "నేనేమీ చూడలేదు, నువ్వూ చూడలేదు" అన్నాడు. పోలీసుల సంగతి తలచుకుంటే అతనిదే తెలివి.

కానీ నాకు లోపల సంతోషం పొంగుతోంది. ఎనిమిదేళ్ళ తర్వాత అత్తకు శుభవార్త మోసుకెళ్తున్నాననుకున్నాను. ఆమె గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను.

"ముద్ద తీసెట్టినాడా?" అంది.

"పెట్టాడత్తా! ఆ ముద్దను మా కళ్ళారా చూశాం."

ఆమె కొండ వైపు చూసింది.

"ఆడ్నుంచి ఇక్కడికి ఎంతసేపు నడిసినారు?"

"మూడు గంటలు."

"గేటు తీసి ఎన్నాల్లయినాది?"

ఐదు నెలలు దాటింది. ఆమెకు తెలుసు. "పట్టుకుంటారని భయమేమో అత్తా," అని నసిగాను.

"కబురంపడానికేటి భయం?" అని లేచి కుళాయి దగ్గరికెళ్ళింది. మొహం కడుక్కుని వచ్చింది. బొట్టు లేదు.

"అత్తా, అదేంటి! మావ బతికే ఉన్నాడు!"

"సచ్చిపోయుంటే ఏడ్సీదాన్నిరా," అంది. "మూడు గంటల దూరంలో కూకుని రానోడికి, ఏటని ఏడవమంటావు?"