ఉప్పు తగ్గిన రోజులు

జహీరాబాద్ యూనిట్‌కు నన్ను బదిలీ చేస్తూ ఉత్తర్వు వచ్చింది ఒక జనవరి మొదటి వారంలో. పదవీ విరమణకు అప్పటికి నాకింకా నాలుగేళ్ళున్నాయి. హోదా డిప్యూటీ మేనేజర్, బాధ్యత మురుగునీటి శుద్ధి. అంతకుముందు సర్వీసంతా హైదరాబాదు ప్రయోగశాలలో కెమిస్టుగా, తర్వాత సీనియర్ కెమిస్టుగా సీసాల మధ్యనే గడిచింది. "చివరికి నిన్ను మురుగులో దింపారన్నమాట" అని తోటివాళ్ళు ఆటపట్టించారు. నాకు మాత్రం చిన్నతనంగా అనిపించలేదు. సీసాలోకి వచ్చిన నీటిని పరీక్షించడం తెలుసు గానీ, ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి ఎలా వస్తాయో చూసే అవకాశం అంతవరకూ రాలేదు.

మా యూనిట్‌లో తయారయ్యేది అల్లం వెల్లుల్లి పేస్టు. చుట్టుపక్కల రైతులు తెచ్చే అల్లానికి అంటుకుని ఎర్రమట్టి ఉంటుంది. దాన్ని కడిగిన నీళ్ళు, వెల్లుల్లి పొట్టు తీసిన నీళ్ళు, చివర్లో పేస్టు కలిపే గది కడిగిన నీళ్ళు, అన్నీ ఒకే కాలువలో కలిసి ఒకే గుంటలోకి చేరేవి. పేస్టు నిలవ ఉండటానికి ఉప్పు దండిగా కలుపుతారు కాబట్టి ఆ మూడో రకం నీళ్ళు ఉప్పు కషాయమే. గుంటలోని నీటిని రోజూ ట్యాంకర్లలో దూరంగా ఉన్న శుద్ధి కేంద్రానికి పంపేవాళ్ళం. ట్యాంకరు ఒక్కరోజు రాకపోతే వాసన రోడ్డుదాకా వచ్చేది.

ఫ్యాక్టరీ ప్రహరీకి దిగువన బస్వప్పగారి పొలం. అరవై అయిదేళ్ళ మనిషి. రెండెకరాల అల్లం వేసి, వేసవి వచ్చేసరికి బోరు ఎండిపోయి తల పట్టుకునేవారు. "మీ నీళ్ళు జర సాఫ్ చేసి ఇయ్యుండ్రి, నా పంట బతుకుతది" అని మా జనరల్ మేనేజరుగారిని ఎప్పటినుంచో అడుగుతున్నారట. జనరల్ మేనేజరుగారు కూడా ఎక్కడో చదివి, చెరువు గట్ల మీద పెరిగే మొక్కలతో మురుగునీరు శుద్ధి చేయవచ్చట, నువ్వు చేసి చూపించు, అని నాకు పని అప్పగించారు.

పద్ధతి చెప్పడానికి తేలిక. ఒక గొయ్యి తవ్వి, నీరు భూమిలోకి ఇంకకుండా అడుగున మందపాటి ప్లాస్టిక్ పట్టా పరచాలి. దానినిండా కంకర పోసి, కంకరలో మొక్కలు నాటాలి. మురుగు ఒక చివర లోపలికి వచ్చి, కంకర కిందుగానే మెల్లగా పారి, నాలుగైదు రోజులకు రెండో చివర బయటపడుతుంది. నీరు పైకి కనిపించకూడదు. కనిపిస్తే దోమలు, వాసన. మొక్కల వేళ్ళు కిందికి కాస్త గాలి తీసుకెళ్తాయి, వేళ్ళను పట్టుకుని పెరిగే సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. అంటే శుభ్రం చేసేది ఎక్కువగా ఆ కంటికి కనపడని జీవులే. మొక్క వాటికి ఇల్లు కట్టి పెడుతుంది.

నేను రెండు మడులు కట్టించాను. ఒకదానిలో కోహీర్ వైపు చెరువుల అంచుల నుంచి తెచ్చిన జమ్ము, తుంగ, వాటితోపాటు మెట్టతామర. రెండోదానిలో ఉత్త కంకరే. మొక్క లేని మడి ఎందుకు, డబ్బు దండగ, అన్నారు అకౌంట్స్ వాళ్ళు. మొక్కలు చేసేదెంత, కంకర చేసేదెంత అని తేలాలంటే పోల్చడానికి అది ఉండాల్సిందేనని పట్టుబట్టాను. ఆ పట్టుదలకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మొక్కలు చూసుకోవడానికి సూపర్‌వైజర్ మొయినుద్దీన్ ఒకామెను పనిలో పెట్టాడు. పేరు తుల్జమ్మ. న్యాల్‌కల్ దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి, పుట్టినప్పటినుంచీ మెట్టపొలాల్లో పని చేసినామె. మొదటిరోజు ఆమెకు నేను చెప్పింది రెండే ముక్కలు: మొక్కలు ఎండకూడదు, కంకర మీద చెత్త ఉండకూడదు. సరేనంది.

నీటి నమూనాలు సోమవారం, బుధవారం తీయాలని నిర్ణయించాను. దీనికో కారణం ఉంది. నీటిలోని మురికిని కొలిచే ముఖ్యమైన పరీక్షకు నమూనాను మూడు రోజులు ఒకే వేడిమిలో పెట్టి, సూక్ష్మజీవులు ఎంత ప్రాణవాయువు వాడుకున్నాయో చూడాలి. మురికి ఎక్కువైతే ఆ వాడకమూ ఎక్కువే. సోమవారం తీసింది గురువారం చూస్తాను, బుధవారం తీసింది శనివారం. ఆదివారం ఎవరూ ఫ్యాక్టరీకి రానక్కర్లేదు. పది గంటలకు సీసాలు పట్టుకుని నేను బయలుదేరితే, "మేడం పరీక్షకొచ్చిన్రు" అని గేటు దగ్గరివాళ్ళకు కూడా తెలిసిపోయేది.

మార్చి వచ్చేసరికి జమ్ము నా భుజాల ఎత్తు పెరిగింది. ఫలితాలూ అలాగే మెరుగుపడ్డాయి. ఉత్త కంకర మడిలో మురికి కొంత తగ్గితే, మొక్కల మడిలో అంతకన్నా ఎంతో ఎక్కువ తగ్గింది. ఇది నేను ఆశించిందే. ఆశించనిది ఇంకొకటి జరిగింది. నీటిలో కరిగిన ఉప్పును చెప్పే చిన్న మీటరు ఉంటుంది, పెన్ను అంత. అది మొక్కల మడి చివర బయటపడే నీటిలో, లోపలికి వచ్చిన నీటికంటే చాలా తక్కువ చూపించింది. కంకర మడిలో ఉప్పు ఉన్నది ఉన్నట్టే ఉంది. పోల్చడానికి నేను పట్టుబట్టి కట్టించిన మడే సాక్ష్యం చెబుతోంది కదా, ఉప్పు కూడా మొక్కలే తీస్తున్నాయని!

ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. ఇంత ఉప్పును ఈ మొక్కలు తీయలేవని నాకు చదువు చెప్పింది. మొక్క నీరు తాగి ఉప్పును వెనక్కి వదిలేస్తుంది, కాబట్టి చివర ఉప్పు పెరగాలే తప్ప తగ్గకూడదు. కానీ అంకె నా కళ్ళముందుంది, నా చేత్తో కొలిచింది. మంచి ఫలితాన్ని అనుమానించడానికి మనసు రాదు. వరుసగా అయిదు వారాలు అలాగే వచ్చాక, మొక్కలు ఉప్పును సైతం గ్రహిస్తున్నట్టు కనిపిస్తోందని నివేదిక రాసి సంతకం పెట్టాను. జనరల్ మేనేజరుగారు సంబరపడిపోయి, బస్వప్పగారి పొలానికి పైపులైను వేయమని ఆర్డరిచ్చారు. పదిరోజుల్లో పైపులు వచ్చి ప్రహరీ పక్కన దిగాయి.

ఒక శనివారం బస్వప్పగారు తన పొలానికి రాబోయే నీళ్ళను చూసుకుందామని వచ్చారు. మొక్కల మడి చివర నీరు బయటపడే రాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని, ఒక రాయి మీద వేలితో గీకారు. వేలికి తెల్లటి పొడి అంటింది. దాన్ని నాలుక మీద వేసుకోబోతుంటే ఆపాను. అప్పుడు నాకు చూపించి అన్నారు:

"అమ్మా, ఇది ఉప్పు కాదా?"

నివేదిక కాపీ తెప్పించి అంకెలు చదివి వినిపించాను. ఆయన మర్యాదగా విన్నారు.

"కాయిదంల మంచిగనే ఉన్నది. రాయి మీదనే గిట్లున్నది. అల్లం ఉప్పుకు ఆగదమ్మా. భూమి ఒక్కపారి చౌడు వారితే నా కొడుకు కాలంల గూడ మర్లి రాదు."

ఆయన వెళ్ళిపోయాక నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో అప్పుడు తెలియలేదు. జేబులోంచి మీటరు తీసి అదే నీటిలో ముంచాను. అంకె చూసి మీటరు పాడైందనుకున్నాను. ప్రయోగశాలకు వెళ్ళి, ఉప్పు ఎంతో ముందే తెలిసిన ద్రావణంలో పెట్టి సరిచూశాను. మీటరు బాగానే ఉంది. మొక్కల మడి చివర ఉప్పు, లోపలికి వచ్చేదానికన్నా ఎక్కువే ఉంది. పుస్తకం చెప్పింది చెప్పినట్టే ఉంది.

ఆ మర్నాడు ఆదివారమైనా వెళ్ళి కొలిచాను. ఎక్కువే. సోమవారం పదింటికి తక్కువ. మంగళవారం మళ్ళీ కాస్త ఎక్కువ. బుధవారం తక్కువ. గురు, శుక్ర, శని రోజుకింత పెరుగుతూ పోయింది. నా ఉద్యోగంలో నేను చూసిన వింతల్లో ఇదొకటి. వారంలో రెండు రోజులు మాత్రమే, అదీ నేను సీసా పట్టుకొచ్చే రోజుల్లో మాత్రమే ఉప్పు తినే మొక్కలు ఎక్కడైనా ఉంటాయా? ఎవరో నన్ను వెర్రిదాన్ని చేస్తున్నారనిపించింది. ఎందుకు చేస్తారన్నది మాత్రం అంతుపట్టలేదు.

తర్వాతి సోమవారం మొదటి షిఫ్టు వాళ్ళతోపాటు ఆరింటికే వెళ్ళాను. తుల్జమ్మ కొంగు నడుముకు దోపుకుని, చేతులు కడుక్కునే బోరు కుళాయికి రబ్బరు పైపు తగిలించి, మొక్కల మడి చివరి భాగానికి తీరిగ్గా నీళ్ళు పారిస్తోంది. నీళ్ళు కంకరలోకి దిగిపోతున్నాయి. పదింటికల్లా ఎండకు పైరాళ్ళు ఆరిపోతాయి కాబట్టి నాకెప్పుడూ తడి కనిపించలేదు. నన్ను చూసి దాచుకోలేదు, బెదరలేదు. నేనే గొంతు పెంచి ఇదేం పని అని అడిగాను.

"చెట్లు ఎండుతున్నయి గద మేడం. ఆ మురుగునీళ్ళు తాగి తాగి వాటికి నోరెండుతది. ఒక గుక్క మంచినీళ్ళు తాపుతున్న."

మరి సోమవారం, బుధవారమే ఎందుకు అన్నాను.

"మీరు పరీక్షకొచ్చే దినం అవి మాడి కనవడితే నా నౌకరి ఉంటదా? ఎండితే తీసేస్తనని మొయినుద్దీన్ సాబ్ మొదలే చెప్పిండు. రోజూ పారిస్తే బోరు నీళ్ళు ఖతం చేస్తున్నవని గులుగుతడు."

పరీక్ష నీళ్ళకు, మొక్కలకు కాదు అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పలేదు. మొక్కలకూ, వాటిని చూసే తనకూ వారానికి రెండు పరీక్షలని ఆమె అనుకుంది. మెట్టసేద్యంలో వాడిపోతున్న మొక్కను చూస్తూ ఊరుకునేవాళ్ళు ఉండరు. బిందెతో మోసైనా ఒక తడి ఇస్తారు. కంకర మడిలో మొక్కల్లేవు కనుక దానికి నీళ్ళు పెట్టలేదు. అందుకే బోరునీళ్ళు కలిసి ఉప్పు పలచబడింది మొక్కల మడిలోనే. నేను గొప్పగా కట్టించిన పోలిక అక్కడే తలకిందులైంది.

ఈ చివరే ఎందుకు పెడుతున్నావని అడిగితే ఒక ఆకు వంచి చూపించింది. కొన నిప్పు తగిలినట్టు గోధుమరంగుకు మాడిపోయి ఉంది. మురుగు లోపలికి వచ్చే చివర ఆకులు పచ్చగానే ఉన్నాయని, ఇటు వచ్చేకొద్దీ కొనలు మాడుతున్నాయని, ఇది నీళ్ళు చాలక కాదని, నీళ్ళలోనే ఏదో ఉందని నాలుగు వాక్యాల్లో చెప్పింది. నీరు మడిలో పారేకొద్దీ ఉప్పు చిక్కబడుతుందని నా పుస్తకం చెప్పే మాట అదే. నెల రోజులుగా ఆమె ఆకు మీద చదువుతోంది. నేను అడగలేదు కాబట్టి చెప్పలేదు. నాకు సిగ్గేసింది.

అదేరోజు రెండో నివేదిక రాశాను. ఉప్పు విషయంలో మొదటి నివేదిక తప్పని, మురికి తగ్గిన అంకెలు కూడా కొంత ఉబ్బినవేనని, ఈ నీటిని పొలానికి ఇవ్వరాదని రాశాను. తప్పు ఎవరిదన్న చోట నా పేరే రాసుకున్నాను: నమూనాల రోజులు ముందే అందరికీ తెలియనిచ్చాను, లోపలికి ఎన్ని నీళ్ళు వస్తున్నాయో కొలిచి, బయటికి ఎన్ని పోతున్నాయో కొలవలేదు, పనిచేసే మనిషికి పని ఉద్దేశం చెప్పలేదు. ఆ కొలత తీసి ఉంటే, లోపలికన్నా బయట ఎక్కువెలా వస్తోందని మొదటి వారమే అడిగేదాన్ని.

జనరల్ మేనేజరుగారు దిగిన పైపులను కిటికీలోంచి చూపించి, ఇప్పుడు వీటినేం చేయమంటావని గట్టిగానే అరిచారు. మొయినుద్దీన్ తుల్జమ్మను ఆ పూటే తీసేస్తానన్నాడు. నివేదికలో తప్పు నాదని రాసి ఉండగా శిక్ష ఆమెకెలా వేస్తావని అడిగాను. జనరల్ మేనేజరుగారు నివేదిక రెండోసారి చదివి, ఆమెను ఉండనిమ్మన్నారు. నాకు మాత్రం ఆ ఏడు ఇంక్రిమెంటు రాలేదు.

మిగిలిన కథ చిన్నదే. పేస్టు కలిపే గది కడిగిన ఉప్పునీటికి వేరే కాలువ వేసి, పట్టా పరిచిన లోతు తక్కువ గుంటలో ఎండకు ఆరబెట్టడం మొదలుపెట్టాం. అల్లం, వెల్లుల్లి కడిగిన నీళ్ళు మాత్రమే మొక్కల మడికి వదిలాం. ఉప్పు మీటరు తుల్జమ్మ చేతికే ఇచ్చాను. అంకెలు ఆమెకు ఫోను వల్ల వచ్చు. ఇది నీళ్ళ పరీక్ష, నీ పరీక్ష కాదు, అంకె ఎక్కువొస్తే నాకు చెప్పడమే నీ పని అని ఈసారి కూర్చోబెట్టి చెప్పాను. వానాకాలం పోయేసరికి కొత్త ఆకుల కొనలు పచ్చగా వచ్చాయి. మురికి తగ్గడంలో మొక్కల మడి కంకర మడిని నిజంగానే మించిందని ఆ ఏడాది లెక్కలు తేల్చాయి, మొదట నేను రాసినంత గొప్పగా కాకపోయినా.

తర్వాతి వేసవిలో పైపులైను పడింది. బస్వప్పగారు మొదట ఒక మూల గడ్డికి పెట్టి, మూడు నెలలు చూసి, ఆ తర్వాతే అల్లానికి మళ్ళించారు. నా నివేదిక ఆయన అడగలేదు. రాయి మీద వేలితో గీకి చూసుకున్నారు.

మొదట్లో నేను పరీక్ష ఏ రోజో అందరికీ తెలియనిచ్చి, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. విరమణ దాకా మిగిలిన ఏళ్ళలో ఎందుకో అందరికీ చెప్పాను, ఏ రోజో ఎవరికీ చెప్పలేదు.