కిటికీ పక్క సీటు

మా చెల్లెలి బండిలో పోపుల డబ్బాకు కూడా సొంత చోటుంది. వంటగట్టు చెక్కలో గుండ్రంగా రంధ్రం కోసి, డబ్బా అందులోకి సగం దిగేటట్టు చేశాడు మా ఆయన. బండి ఎంత ఎగిరినా ఆవాలు పోయి జీలకర్రలో కలవవు. ఆ రంధ్రం అంచును గరుకు కాగితంతో రుద్ది, వేలితో తడిమి చూసుకుని, మళ్ళీ రుద్దుతున్నాడు. నేను షెడ్డు గుమ్మంలో నిలబడి అంతా చూశాను. మా ఇంట్లో పొయ్యి కింది సొరుగు నడుముతో ఒక గుద్దు గుద్దితే తప్ప మూసుకోదు. దాన్ని బాగుచెయ్యమని నేను అడగడం మొదలుపెట్టినప్పుడు మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. ఇప్పుడు దానికి ఇద్దరు పిల్లలు.

దాచి లాభం లేదు, నాకు కుళ్ళు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, పొరుగింటిదైతే కళ్ళు మూసుకుని ఊరుకోవచ్చు. తోడబుట్టినదాని ఇంటి కూరైతే, అందులోనూ నా మొగుడే వండి పెడుతుంటే, ఎట్లా ఊరుకోను?

మా ఆయన వడ్రంగి. ఎల్బీ నగర్‌లో మా ఇంటికి రెండు గల్లీల అవతల రేకుల షెడ్డు ఉంది. ఇళ్ళకు వంటగదుల అరలు, అల్మారాలు చేస్తాడు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. మా చెల్లెలి భర్త గుంటూరు వైపు మనిషి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి, ఇక చాలించాడు. చదువుకున్నవాడని మా ఆయన తన షడ్డకుణ్ణి "సార్" అంటాడు. వయసులో చిన్నవాడు, మా పుట్టింటికి చిన్నల్లుడు, వాణ్ణి సార్ అనడమేంటని నేను ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు.

ఆ సారుగారు పెళ్ళిబృందాలను మోసి మోసి అలిసిపోయిన ఒక పాత టెంపోను కొన్నాడు. దాన్ని తెచ్చి మా షెడ్డు ముందు నిలబెట్టి, "అన్నయ్యగారూ, దీన్ని ఇల్లు చేసి పెట్టాలి. రెండేళ్ళు దేశమంతా తిరుగుతాం. ఇంక హోటళ్ళూ లాడ్జీలూ లేవు. ఎక్కడ నచ్చితే అక్కడ ఆగి అన్నం వండుకోవడమే" అన్నాడు. మా ఆయన బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అంత శ్రద్ధగా చూడలేదు.

ఆ రోజు నుంచి షాపు పని అయిపోగానే బండే లోకం. వెనక సీట్లన్నీ ఊడబీకాడు. ఎండ వేడి లోపలికి రాకుండా గోడలకు, పైకప్పుకు దళసరి షీటు పరిచి, మీద పలుచటి చెక్క కొట్టాడు. మంచం కింద నీళ్ళ ట్యాంకు, పైన సోలార్ పలకలు, వాటికి బ్యాటరీలు. బ్రేకు వేస్తే అరల తలుపులు తెరుచుకోకుండా నొక్కితేనే ఊడే గొళ్ళాలు. గోడకు మడిచిపెట్టే బల్ల, కిటికీలకు దోమల వల. పరదాలు మాత్రం నేను కుట్టాను, అడిగారు కాబట్టి. బాగా కుట్టాను కూడా. నా పని మీద నాకు అసూయ లేదు కదా.

ఆ పరదాలు కుడుతున్నప్పుడే నాకు పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి. మా చిన్నప్పుడు దేవరకొండ పక్క మా ఊరి నుంచి ఏ పెళ్ళికి పోయినా ఎర్రబస్సే. ముగ్గురు కూర్చునే సీటులో ఈ చివర అమ్మ, మధ్యలో నేను, కిటికీ దగ్గర చెల్లె. "దానికి కిటికీ ఇయ్యి, అది కక్కుకుంటది" అనేది అమ్మ. ఒకసారి కక్కుకుంది, నిజమే. తర్వాత నుంచి ఒళ్ళో మూతలేని రేకు డబ్బా, చేతిలో కోసిన నిమ్మకాయ పట్టుకుని దారంతా దాని మొహం కనిపెట్టుకుని ఉండటం నా ఉద్యోగం. అది చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోగానే నేను డబ్బా ఎత్తేదాన్ని. చాలాసార్లు ఏమీ వచ్చేది కాదు. నేను సమయానికి నిమ్మకాయ వాసన చూపించడం వల్లే ఆగిందని మురిసిపోయేదాన్ని. చెట్లు, చెరువులు, గుట్టలు అన్నీ అదే చూసింది. నేను చూసింది దాని రెండు జడలు.

పెద్దయ్యాక కూడా అంతే. పెళ్ళి బస్సుల్లో అందరికంటే ముందు ఎక్కి కిటికీ దగ్గర కూర్చునేది. దానికి పడదు కదా అని ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఇప్పుడు దానికి ఆరు కిటికీల ఇల్లు తయారవుతోంది, ఆరింటికీ నా పరదాలు.

ఒక సాయంత్రం మా ఆయన చేతిలో టేపుతోనే ఇంటికొచ్చాడు.

"ఇగో, ఒక ముచ్చట చెప్పు. డ్రైవర్ పక్కన సీటు తీసేస్తే ఫ్రిజ్ ఆడ కూసుంటది, ఎనక నడవనీకి మస్తు జాగ ఒస్తది. సార్ సరే అన్నడు. నీ చెల్లె నీ ఇష్టం బావా అన్నది. ఎనక బల్ల మీద అడ్డంగ కూసోని పోతే దానికేమన్న పరేషానా?"

దాని కడుపు సంగతి అది ఎప్పుడూ చెప్పుకోదు, చెప్పేది నేనే. ముందు సీటు, పక్కన కిటికీ, మొహానికి గాలి లేకపోతే అది పది మైళ్ళు పోలేదని నాకు తెలుసు. వెనక అడ్డంగా కూర్చోబెడితే రెండేళ్ళు కాదు, రెండు రోజులు కూడా తట్టుకోదు. నాలుక చివరి దాకా వచ్చింది మాట.

"ఏం పరేషాన్ లేదు. తీసెయ్యి" అన్నాను.

మా ఆయన సంతోషంగా పోయాడు. నేను బ్లౌజుకు చంక ముక్క తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టాను. ఆ తర్వాత కొన్నాళ్ళు నా మనసులో ఒకటే బొమ్మ. బండి ఆదిలాబాద్ దాటకముందే వెనక్కి తిరుగుతుంది. చెల్లె వడిలిపోయిన మొహంతో దిగుతుంది. నేను మజ్జిగ కలిపి ఇస్తాను. ఆ మజ్జిగ దాకా ఊహించుకుని ఎంత హాయి పొందానో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. అన్నం ముందు కూర్చుంటే మాత్రం ముద్ద దిగేది కాదు. చెప్పేద్దామని షెడ్డుకు పోయేదాన్ని. అక్కడ ఆయన సీటు ఊడబీకిన చోట ఫ్రిజ్‌కు పీట చేస్తూ ఈల వేస్తుండేవాడు. నోరు మూసుకుని తిరిగి వచ్చేదాన్ని.

ఆ పాపభారం కొంచెం దిగుతుందని కాబోలు, ఆ ఏడు మామిడికాయ తొక్కు ఎక్కువ పెట్టి పెద్ద జాడీ నిండా వాళ్ళకు తీశాను. మా ఆయన జాడీని కొలిచి తల అడ్డంగా ఊపాడు.

"గింత పొడుగు జాడీ ఏ అరల పట్టది. సీసాలల్ల పోసియ్యి."

"సీసాలల్ల పోస్తే తొక్కు పాడైతది. పట్టకపోతే ఒళ్ళె పెట్టుకోమను" అన్నాను.

బండి తయారయ్యాక ఒక ఆదివారం పొద్దున నలుగురం సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం అవతలి దాకా పోయి వద్దామనుకున్నాం. నా సంచిలో రెండు నిమ్మకాయలు, ఒక తువ్వాలు, నాలుగు ప్లాస్టిక్ కవర్లు పెట్టుకున్నాను. మరిది నడుపుతున్నాడు. మా ఆయన వెనక కింద కూర్చుని, ఏ అర కొట్టుకుంటుందోనని ఒక్కోదానికీ చెవి ఆనించి వింటున్నాడు. మేమిద్దరం అడ్డం బల్ల మీద. చెల్లె కాళ్ళు మడిచి పెట్టుకుని, మధ్యాహ్నం వంటకు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను ఒక కవరు తెరిచి ఒళ్ళో పట్టుకుని దాని మొహమే చూస్తున్నాను.

బీఎన్ రెడ్డి నగర్ దాటింది. తుర్కయంజాల్ దాటింది. ఇబ్రహీంపట్నం అవతల రోడ్డు తవ్విన చోట బండి ఎగిరెగిరి పడింది. నాకే కడుపులో తిప్పింది. చెల్లె చిక్కుడుకాయ విరుస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది.

"గా కవర్ ఎందుకే అక్కా? ఈనెలు అండ్ల ఎయ్యాల్నా?" అని, గుప్పెడు ఈనెలు నా కవర్లో వేసింది.

"నీకు ఒస్తలేదా?"

"ఏంది?"

"వాంతి."

అది నన్ను చూసింది, సంచిలోంచి కనిపిస్తున్న నిమ్మకాయలను చూసింది, పకపకా నవ్వింది.

"అయ్యో అక్కా! నాకేడి వాంతులే? చిన్నప్పుడు ఒక్కసారే నిజంగ ఒచ్చింది. కిటికీ కాడ కూసోవెట్టిండ్రు. మస్తు అనిపించింది. గప్పటి సంది బస్సెక్కంగనే నోటికి చెయ్యి అడ్డం పెడితె చాలు, అమ్మ కిటికీ ఇస్తుండె. నీకు తెలుసనుకున్న!"

ముందు సీట్లోంచి మరిది కూడా నవ్వాడు. "అదా వదినగారూ! మా ఆవిడ ఘాట్ రోడ్డులో పకోడీలు తినే రకం."

నేను నవ్వలేదు. యాభై ఏళ్ళు దాని జడలు చూస్తూ కూర్చున్నాను. అది కడుపులో తిప్పినట్టు నటిస్తే, నేను నిజంగా బెంగపడ్డాను. ఇన్ని రోజులుగా అన్నం దిగకుండా చేసిన నా అబద్ధం చివరికి నిజమే అయింది. ఏం పరేషాన్ లేదన్నాను, ఏం పరేషాన్ లేదు. ఒక్క చెడ్డ పని చేద్దామనుకుంటే అది కూడా నాకు సరిగ్గా చేతకాలేదు.

టీ కోసం ఆగినప్పుడు మగవాళ్ళిద్దరూ బండి కింద వంగి ఏదో చూస్తున్నారు. నేను చెల్లెను వేపచెట్టు కిందికి పిలిచాను.

"ముంగటి సీటు తీసెయ్యమన్నది నేనే. జాగ కోసం కాదు. ఎనక కూసోని నువ్వు కక్కుకోవాలె, వారంల వాపస్ రావాలె అని."

అది ఇంకా నవ్వబోయింది. నా మొహం చూసి ఆగిపోయింది. "నిజమా?"

"నిజం."

"గంత కోపమా అక్కా నా మీద?"

"నేను ఒక్కసారన్న కిటికీ కాడ కూసున్ననా? నువ్వే చెప్పు. ఒక్కసారి."

అది టీ గ్లాసు పట్టుకుని ఆలోచించింది. ఊరి బస్సు, నల్గొండ బస్సు, అత్తల పెళ్ళిళ్ళు, మా పెళ్ళిళ్ళు, ఒక్కో బస్సూ ఎక్కి వెతుకుతున్నట్టు దాని కళ్ళు కదలడం నాకు కనిపించింది. టీ చల్లారిపోయింది.

"లేదు" అంది.

కవర్లోని ఈనెలు నేనే ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేశాను. రెండు రోజులు దాని ఫోన్ లేదు. నేను కూడా చెయ్యలేదు.

మూడో రోజు మా ఆయన చిరాగ్గా ఇంటికొచ్చాడు.

"నీ చెల్లెకు తలకాయ తిరిగింది. ముంగటి సీటు మళ్ళ బిగించాలంట. ఫ్రిజ్ ఎనకకు పోవాలె, అర కోయాలె, పని అంత ఆగమాగం. ఎందుకు తల్లీ అంటె చెప్తలేదు."

నాకు తెలిసినా నేను కూడా చెప్పలేదు.

బయల్దేరే రోజు షెడ్డు ముందు కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆ నిమ్మకాయలు నా సంచిలో మిగిలిపోయినవే. నేను జాడీ మోసుకొచ్చి బండిలో కింద పెట్టాను. చెల్లె నా చెయ్యి పట్టుకుని ముందు సీటు చూపించింది.

"నేను అండ్ల కూసోను అక్కా. ఎనకనే కూసుంట. నువ్వు ఏ ఊరికన్న రైలెక్కి రా, దిగంగనే అండ్ల కూసో."

ఎగిరి గంతేసి ఎక్కాలని ఉంది. కానీ బతిమాలించుకోకుండా ఒప్పుకుంటే నేను నేనెట్లా అవుతాను? "నాకు పెండ్లిళ్ళ బ్లౌజులున్నయ్. మీరు పోండి, పైలం" అన్నాను. అది బతిమాలలేదు. బండి చౌరస్తా వైపు మలుపు తిరిగేటప్పుడు ముందు కిటికీలోంచి ఆ ఖాళీ సీటు కనిపించింది. మనిషి లేని సీటు మీద కూడా కుళ్ళుకోవచ్చని ఆ రోజే తెలిసింది.

పన్నెండు రోజుల తర్వాత, మేం అన్నాలు తింటుంటే ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది. బండి ఏదో వంతెన మీద ఆగి ఉంది. ముందు సీటులో నా తొక్కు జాడీ కూర్చుని ఉంది. మూతికి నేను కట్టిన పచ్చ బ్లౌజు ముక్క అట్లాగే ఉంది. నడుముకు సీటు బెల్టు పెట్టారు. కిటికీ అద్దం కిందికి దించి ఉంది, అవతల ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నీళ్ళు. వెనకే చెల్లె వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఏడ వెట్టినా నిలుస్తలేదే అక్కా. ఏ అరల పడ్తలేదు. గీడనే కుదిరింది."

మా ఆయన చూసి పడి పడి నవ్వాడు. నేను ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాను. అది ఏ నదో నాకు తెలియదు. జాడీకి మాత్రం బాగా కనిపిస్తున్నట్టుంది. నేను కాయలు కొట్టి, నేను కారం కలిపి, నేను మూతి కట్టిన జాడీ నాకంటే ముందు పోయి కిటికీ పక్కన కూర్చుంది.

లేచి చెయ్యి కడుక్కున్నాను. సొరుగును నడుముతో ఒక్క గుద్దు గుద్దాను.

"నేనొచ్చేవరకు గీ సొరుగు బాగుచేసి పెట్టు" అన్నాను మా ఆయనతో. "దానికి ఫోన్ చెయ్యి. జాడీని తీసి కింద పెట్టమను. నేనొస్తున్న."