ఉట్టిగ వచ్చిన సైకిలు

నా భార్య చనిపోయింది. జగిత్యాల ఆస్పత్రిలో, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. నర్సు వచ్చి, "సార్, మీ ఎంబడి ఇంకెవలన్న ఉన్నరా?" అని అడిగింది. నేనొక్కడినే అన్నాను. లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి మళ్లీ వచ్చి అదే మాట అడిగింది. రెండోసారి అడిగినప్పుడు నాకు అర్థమైంది. ఆ అమ్మాయి నాకు చెప్పలేక, చెప్పే మనిషి కోసం వెతుకుతోంది.

అలాంటి మాట చెప్పడం నా భార్యకు తెలుసు. ఎన్నో ఇండ్లకు వెళ్లి చెప్పింది. ఆమె చేత ఆ పని చేయించినవాణ్ని నేను.

మూత్రపిండాల జబ్బు. రెండేళ్లు సాగింది. దాని గురించి రాయను. ఆమె సైకిల్ గురించి రాస్తాను.

కోరుట్లలో మేము కాపురం పెట్టిన కొత్తలో ఆమె ఒక చిన్న ప్రైవేటు బడిలో పంతులమ్మ. బడి ఊరి చివర. అందుకని పాత లేడీస్ సైకిల్ ఒకటి కొనుక్కుంది. నేను డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క, మా వైపు మగవాళ్లందరూ పోయిన దారినే గల్ఫ్‌కు పోయాను. నాలుగక్షరాలు వచ్చు కాబట్టి లేబర్ క్యాంపులో టైంకీపర్‌ని చేశారు. ఎవరు పనికి వచ్చారు, ఎవరు రాలేదు అన్నది రాయడం నా పని. కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి ముస్తాబాద్ దాకా మన ఊళ్ల మనుషులు ఆ క్యాంపులో చాలామంది ఉండేవారు. బావులెండి వచ్చినవాళ్లు, బోర్లు వేసి నీళ్లు పడక వచ్చినవాళ్లు, సిరిసిల్లలో సాంచెలనే మరమగ్గాలు ఆగిపోతే నేత విడిచి వచ్చినవాళ్లు.

కొందరు తిరిగి పోలేదు. ఎండకు పడిపోయినవాళ్లున్నారు, నిద్రలోనే పోయినవాళ్లున్నారు, తాడుకు వేలాడినవాళ్లూ ఉన్నారు. కంపెనీ కాగితం ఊరికి చేరడానికి వారాలు పట్టేది, శవానికి నెలలు. పంపించిన ఏజెంటు నోరు విప్పేవాడు కాదు. ముందుగా తెలిసేది నాకే. పొద్దున హాజరు పుస్తకంలో గీత పెట్టాల్సినవాణ్ని నేనే కదా.

మొదటిసారి కోరుట్ల ఎస్టీడీ బూతుకు ఫోన్ చేసి ఆమెను పిలిపించాను. రుద్రంగి అవతల ఫలానా ఊరు, ఫలానా మనిషి పోయాడు, ఎవరితోనైనా చెప్పించు అన్నాను.

"ఎవలతోని చెప్పియ్యాలె? గంత దూరం ఎవలు పోతరు? నేనే పోత."

"బస్సు పోదు ఆ ఊరికి."

"సైకిలున్నది గద."

అలా మొదలైంది. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, వేములవాడ, సిరిసిల్ల, ఆ పైన ముస్తాబాద్. తెల్లవారకముందే బయలుదేరేది. నీళ్ల డబ్బాకు తడి గోనెసంచి చుట్టేది. సీటు కింద పంక్చర్ సామాను, పంపు. ఆ దారంతా తుమ్మ ముండ్లు. చెట్టు నీడ తక్కువ. పడావుపడ్డ చెలకలు, పరుపుబండలు, మైళ్లకు మైళ్లు మనిషి ఉండడు. ఏ ఊళ్లో ఏ బోరింగు నీళ్లిస్తుందో, ఏది కొట్టినా గాలే వస్తుందో ఆమెకు తెలుసు. ఒక్కతే పోయేది. ఒక్కోసారి మూడు రోజులు, నాలుగు రోజులు.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఏ ఊళ్లోకీ సైకిల్ తొక్కుకుంటూ పోయేది కాదు. పొలిమేరలో దిగి, బోరింగు దగ్గర మొహం కడుక్కుని, సైకిల్ నడిపించుకుంటూ వెళ్లేది. నేను ఛుట్టీ మీద వచ్చినప్పుడు అడిగాను.

"తొక్కుకుంట పోతె ఉరికచ్చినట్టుంటది," అంది. "ఉరికచ్చిన మనిషిని సూస్తె వాళ్ల గుండె ఆగుతదా? నడుసుకుంట పోతె ఇంకో నాలుగు అడుగులు మంచిగుంటరు."

నాకు అప్పుడది సాగదీత అనిపించింది. అలాగే అన్నాను కూడా. ఆమె గిన్నెలు సర్దుకుంటూ ఉండిపోయింది.

కొన్నేళ్లకు ఇంకోటి మొదలైంది. బడికి సెలవులిస్తే చాలు, చెప్పాల్సిన వార్త ఏదీ లేకపోయినా సైకిల్ తీసేది. ఎండాకాలం సెలవుల్లో ఒకసారి, దసరా సెలవుల్లో ఒకసారి. అదే దారి, అవే ఇండ్లు. ఇది నాకు మా అమ్మ రాయించిన ఉత్తరంలో తెలిసింది. "నీ పెండ్లాం పని లేకున్నా ఊర్లు వట్టుకొని తిరుగుతుంది. ఒకపారి చేతులకు గాజులు గూడ లేకుంట ఇంటికి వచ్చింది. నువ్వు బతికుండంగనే." నాకు కోపం వచ్చింది. ఎండలో పనిలేకుండా ఎందుకు తిరుగుతున్నావు, చేతులు బోడిగా ఎందుకున్నాయి అని రాశాను. జవాబు రెండు ముక్కలు. "ఉట్టిగనే పోయిన. గాజులు కొత్తయి వేసుకున్న."

ఉట్టిగనే. ఊరికే, ఏ పనీ లేకుండా. ఆ మాటను నేను చాలా ఏళ్లు అలకగా లెక్కగట్టాను. వదిలేసి వచ్చినందుకు దెప్పుతోంది అనుకున్నాను.

ఒకటి మాత్రం నేనెప్పుడూ అడగలేదు. బూతు నుంచి పిలుపు వచ్చిన ప్రతిసారీ, ఫోన్లో నా గొంతు వినేదాకా ఆమె ఏమనుకుంటూ నడిచేదో.

నేను క్యాంపు వదిలి వచ్చేశాక కూడా ఆమె పోవడం మానలేదు. ఏడాదికి ఒకసారైనా పోయేది. చేతిలో ఫోన్ ఉన్నా ఆ ఇండ్ల నంబర్లు రాసుకోలేదు. "ఫోన్ల మొకం కనవడది," అనేది. నన్ను ఎప్పుడూ రమ్మనలేదు, నేనూ వస్తాననలేదు. జబ్బు చేశాక సైకిల్ గోడకు చేరింది. ఈ రెండేళ్లు చేరే ఉంది.

దినాలు అయిపోయిన మూడో నాడు నేను సైకిల్ బయటికి తీశాను. దగ్గరి ఊళ్లవాళ్లు కబురు తెలిసి వచ్చి వెళ్లారు. సిరిసిల్లలో, ముస్తాబాద్ అవతల ఉన్నవాళ్లకు తెలియదు. వాళ్లకు చెప్పాలి. అన్నేళ్లు ఆమె వాళ్లకు చేసిన పని అది. ఆమె విషయంలో చేయడానికి నేనొక్కడినే మిగిలాను.

నేను కాలేజీ రోజుల తర్వాత సైకిల్ తొక్కలేదు. కథలాపూర్ దాటేసరికి మోకాళ్లు పట్టేశాయి. చాలా దూరం నడిపించుకుంటూనే పోయాను. రుద్రంగి గుట్టల దగ్గర వెనక టైర్‌కు ముల్లు దిగింది. సీటు కింద ఆమె సంచి అలాగే ఉంది. సొల్యూషన్ గడ్డకట్టింది. పక్కనే, కాగితంలో చుట్టి రెండు పిప్పరమెంట్లు. ఎండ మీదికి వచ్చింది. చుట్టూ మనిషి లేడు. ఇంతమంది చావుల్ని ఆమె ఈ దారిలో ఒక్కతే మోసుకుంటూ పోయింది. నేను దూరం నుంచి పేరు, ఊరు చెప్పి ఫోన్ పెట్టేసేవాణ్ని. నేను రోడ్డు మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

తర్వాతి ఊరిదాకా నడిపించుకుంటూ పోయి పంక్చర్ వేయించుకున్నాను. సిరిసిల్లలో తప్పు చేశాను. అలసిపోయి, తొందరగా చెప్పేస్తే అయిపోతుందనుకుని, గల్లీలోకి తొక్కుకుంటూనే పోయాను. సాంచెలు నడిపే ఇల్లు అది. పెద్ద కొడుకు మా క్యాంపులోనే పోయాడు. తల్లి గడపలో కూర్చొని నూలు కండెలు చుడుతోంది. సైకిల్ చూసింది, దాని మీద నన్ను చూసింది. నేను కాలు కింద పెట్టకముందే చేతిలో కండె పడేసి, "నా తల్లీ" అని ఏడుపు మొదలుపెట్టింది. నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు.

అందుకే చివరి ఊరికి ముందే దిగాను. ముస్తాబాద్ దాటాక గుట్టల కింద పదిపన్నెండు ఇండ్ల పల్లె. బోరింగు దగ్గర మొహం కడుక్కున్నాను. నడిపించుకుంటూ పోయాను. గతుకులో బెల్లు దానంతటదే ఒకసారి మోగింది. చివరి ఇంటి వాకిట్లో ఒక ముసలామె సీతాఫలాలు ఏరుతోంది. కండ్లకు పొర వచ్చినట్టుంది. తల పైకెత్తి, నా వైపు కాకుండా పక్కకు చూస్తూ పిలిచింది.

"అక్కా, అచ్చినవా? ఎన్నొద్దులాయె నువ్వు రాక!"

"అక్క కాదమ్మా. నేను, ఆమె ఇంటాయనను."

"ఓ, బావనా!" ఆమె లేచి సైకిల్ హ్యాండిల్ తడిమింది. "గీ వయసుల లేడీస్ సైకిల్ ఎక్కినవా? సిగ్గు గాలేదా బావా? అక్కేది?"

"రాలేదు."

"పానం మంచిగ లేదా?"

"లేదు."

రెండూ అబద్ధాలు కావు.

"మరి నువ్వేం పని మీద అచ్చినవ్?"

చెప్పాల్సింది అప్పుడే. దారిపొడవునా మాటలు కూర్చుకున్నాను. నా నోటి నుంచి వచ్చింది వేరే మాట.

"ఉట్టిగనే."

ఆమె పకపకా నవ్వింది. "నువ్వు గూడ నేర్సినవా గా మాట! కూసో, చాయ పెడ్త."

పొయ్యి దగ్గర కూర్చొని తనే మొదలుపెట్టింది. "అక్క ఉట్టిగ వచ్చుడు ఎందుకు సురువు చేసిందో నీకెర్కేనా బావా? నా మూలంగనే. అప్పటికి గీ సుట్టుపక్కల అందరికి తెల్సు, ఆమె సైకిల్ ఏ ఇంటి ముంగట ఆగితె గా ఇంట్ల పీనుగే అని. ఒకనాడు నా ఇంటి ముంగట ఆగింది. సూసిన. అంతే. ఒక్క మాట అడగలే. రెండు చేతులు దర్వాజకేసి కొట్టుకున్న. గాజులన్ని పలిగినయి, నెత్తురు. అక్క ఉరికచ్చి చేతులు వట్టుకుంది. 'పిచ్చిదానా, నీ పెనిమిటి మంచిగున్నడే, నేను నీళ్లకచ్చిన' అన్నది."

ఆమె పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది.

"ఆయన బతికుండంగ బోడి చేతులెట్లుండాలె? తన గాజులు తీసి నాకేసింది. నా చేతులు మొద్దుయి, ఎక్కయి. సబ్బు రాసి ఎక్కిచ్చింది. ఇద్దరం నవ్వినం, ఏడ్సినం. పోయేటప్పుడన్నది, 'ఇగ నేను ఉట్టిగ గూడ వస్త. సైకిల్ సూస్తె బెదురద్దు' అని. అప్పటిసంది అచ్చుడే అచ్చుడు."

చాయ గిలాస నా చేతికిచ్చింది. ఇత్తడి గిలాస, కాలుతోంది.

"ఆయన నిజంగ పోయినప్పుడు ఫోన్ చేసింది నువ్వే అన్నరు."

"నేనే."

ఆమె భర్త పొద్దున పనికి రాలేదు. గది తలుపు తీయించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రోజే ఫోన్ చేశాను. రెండు రోజుల తర్వాత మళ్లీ చేసి, ఒక్క మాట చెప్పడానికి రెండు రోజులా అని నా భార్య మీద అరిచాను కూడా.

"గా దినం గూడ అక్క ఉట్టిగనే వచ్చిందనుకున్న. చాయ పెట్టిన. ముచ్చట పెట్టుకుంట తాగినం. మా కోడి కథ చెప్తె నవ్వింది గూడ. గిలాస కింద పెట్టినంక, నా చేతులు వట్టుకొని చెప్పింది." ఆమె కొంగుతో పొయ్యి ముందున్న బూడిద తుడిచింది. "బావా, గా చాయ తాగినంతసేపు నా పెనిమిటి బతికే ఉన్నడు. గంతసేపు ఎవలిస్తరు?"

నా చేతిలో గిలాస ఉంది. చాయ తాగడం అయిపోయింది. కింద పెట్టలేకపోయాను. పెడితే చెప్పాలి. ఖాళీ గిలాస పట్టుకొని, వానల గురించి, ఎండిన కుంట గురించి, ఆమె కండ్ల ఆపరేషన్ గురించి అడుగుతూ కూర్చున్నాను. చివరికి తనే, "ఇంక పొయ్యాల్నా?" అంటూ తడుముకుని నా చేతిలోంచి తీసుకుంది.

లేచాను.

"జెర ఆగు. అక్కకు సీతాఫలాలంటె పానం." పాత చీర ముక్కలో పండ్లు మూటగట్టి, క్యారియర్‌కు తనే తాడుతో బిగించింది. కండ్లు కనపడకపోయినా ముడి గట్టిగా పడింది. "ఇంక పచ్చియే. రెండు మూడొద్దులు ముట్టకు అని చెప్పు. ఆమెకు ఆత్రమెక్కువ."

"చెప్తా," అన్నాను. 'ఉట్టిగనే' అన్నది వదిలేస్తే, ఆ ఇంట్లో నేనాడిన అబద్ధం అదొక్కటే.

పొలిమేర దాకా నడిపించుకుంటూనే వచ్చాను. ఆమె గడపలో నిలబడి చెయ్యి ఊపుతోంది, నేను లేని వైపుకు.

ఇది అచ్చైతే మీలో ఎవరైనా ఆ దారిన పోవచ్చు. పోతే పల్లెకు ముందే దిగండి. మొహం కడుక్కోండి. ఆమె చాయ ఇస్తే తాగండి, తొందరపడకండి. గిలాస కింద పెట్టడం నాకు చేతకాలేదు.

కోరుట్ల చేరి ఇవాళ్టికి రెండో రోజు. సైకిల్ గోడకు చేర్చి ఉంది. పండ్లు మాగాయి. వాసన ముందు గదిలోకి, అక్కడి నుంచి వంటింట్లోకి వచ్చింది. తాడు ముడి అలాగే ఉంది.